మూడో నెల మచ్చను చూసి ముఖం ఇంతేనని తేల్చేయకండి

పోయిన నెల గ్రహణం మొర్రి గురించి ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. ఆపరేషన్ అయింది, గాయం మానింది, కానీ ముఖం రెండు పక్కలా సమానంగా లేదు, ఏం చేయాలి అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను. అందరి పేర్లూ తీసేశాను. మొర్రి అనే మాట కొందరికి గుచ్చుకుంటుందని తెలుసు. అందరికీ వెంటనే అర్థమయ్యేది అదే కాబట్టి జబ్బు పేరుగా వాడుతున్నాను. బిడ్డను మాత్రం ఆ పేరుతో ఎవరినీ పిలవనివ్వకండి, ముద్దుకైనా సరే.

ప్రశ్న: మా పాపకి ఎడమ వైపు పై పెదవి చీలిక, చిగురు కూడా చీలి ఉంది. నాలుగో నెలలో ఆపరేషన్ చేశారు. కుట్లు తీసిన రోజు పెదవి ఎంత చక్కగా కలిసిందంటే మా ఆయనా నేనూ అక్కడే ఏడ్చేశాం. ఇప్పటికి తొమ్మిది వారాలైంది. మచ్చ ఎర్రగా, తాడులా గట్టిపడింది. ఆ పక్క పెదవి పైకి లాక్కుపోయింది. ముక్కు కూడా ఎడమ పక్క చప్పగా ఉంది. డాక్టరు చెడగొట్టాడని మా అత్తగారు అంటున్నారు. ఇంకో ఆసుపత్రిలో వెంటనే మళ్లీ చేయించమని బంధువులు అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, నంద్యాల జిల్లా)

జవాబు: అమ్మా, తొమ్మిది వారాలు అన్న మాట చూడగానే నాకు సగం సంగతి అర్థమైంది. ఈ ఆపరేషన్ తర్వాత పెదవి చూడటానికి అన్నిటికంటే బాగోలేని కాలం అదే, దాదాపు ఆరో వారం నుంచి మూడో నెల దాకా. కుట్లు తీసిన రోజు కనిపించిన అందం నిజమే, కానీ అప్పటికి లోపల గాయం మానడం ఇంకా మొదటి మెట్టులోనే ఉంది.

గాయం మానేటప్పుడు ఒళ్లు అక్కడ కొత్త పీచు లాంటి పదార్థాన్ని అల్లుతుంది, దాన్నే కొల్లాజెన్ అంటారు. అల్లడంతో ఆగకుండా, గాయం అంచుల్ని దగ్గరకు లాగి బిగించే కణాలు కూడా అక్కడికి చేరతాయి. నులక మంచం వానలో తడిస్తే తాడు ఎలా బిగుసుకుంటుందో చూసే ఉంటారు, మచ్చ కూడా అలాగే తన పొడవునా బిగుసుకుంటుంది. మీ పాప మచ్చ ముక్కు దగ్గర నుంచి పెదవి అంచు దాకా నిలువుగా ఉంది కాబట్టి అది పొట్టిదైతే పెదవి పైకి లేస్తుంది. మూడు నెలలు దాటాక ఈ బిగువు మెల్లగా సడలుతుంది, ఎరుపు గులాబీ రంగులోకి, ఆ తర్వాత ఒంటి రంగుకు దగ్గరగా వస్తుంది. మచ్చ పూర్తిగా మెత్తబడటానికి ఏడాది పడుతుంది, కొందరికి ఏడాదిన్నర.

మచ్చ ఇలా కుదించుకుపోతుందని సర్జన్లకు ఎప్పటి నుంచో తెలుసు. చీలిక అంచులు కోసి రెండు వైపులా తెచ్చి నిట్టనిలువుగా కుట్టేసే పాత పద్ధతుల్లో చాలామంది పిల్లల పెదవి పైకి లాక్కుపోయి ఉండిపోయేది. 1950ల్లో రాల్ఫ్ మిలార్డ్ అనే అమెరికన్ సర్జన్ కొరియాలో పని చేస్తున్నప్పుడు వేరే దారి ఆలోచించాడు. పెదవి మధ్య భాగాన్ని కిందికి తిప్పి, అలా తిప్పడం వల్ల పైన ఏర్పడిన ఖాళీలోకి పక్క భాగాన్ని జరిపే పద్ధతి అది. 1955లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ప్లాస్టిక్ సర్జరీ మహాసభలో చూపించాడు. అందులో పెదవికి పొడవు వస్తుంది, మచ్చ ముక్కు కింద సహజంగా ఉండే గాడి అంచు మీద పడుతుంది. మన దగ్గర కూడా చాలామంది ఇదే పద్ధతినో, దీని నుంచి పుట్టిన ఇంకో పద్ధతినో వాడతారు. టొరంటోలో డేవిడ్ ఫిషర్ 2005లో ప్రచురించిన పద్ధతిని వాడేవాళ్లూ ఎక్కువవుతున్నారు. ఏ పద్ధతిలో చేసినా మచ్చ కొంత బిగుసుకోకుండా ఉండదు.

ఇంకో సంగతి. పెదవి అంటే చర్మం ఒక్కటే అనుకుంటాం గానీ లోపల నోటి చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. ఈల వేయడానికి, పాలు చప్పరించడానికి, ‘ప, బ, మ’ పలకడానికి అదే ఆధారం. చీలిక ఉన్న బిడ్డలో ఆ ఉంగరం తెగిపోయి, తెగిన కొసలు వెళ్లి ముక్కు మొదట్లో అతుక్కుని ఉంటాయి. ఆపరేషన్‌లో అసలు పని వాటిని అక్కడి నుంచి విడదీసి అడ్డంగా తిప్పి ఒకదానితో ఒకటి కలపడం. అది కలిసిందా లేదా అన్నది నిద్రపోతున్న పాపను చూస్తే తెలియదు, ఏడుస్తున్నప్పుడో నవ్వుతున్నప్పుడో చూడండి. పెదవి అంతా ఒక్కటిగా కదిలితే కండరం పని చేస్తున్నట్టే. ఏడ్చినప్పుడు ముక్కుపుట పక్కన చిన్న గడ్డలా ఉబ్బుతుంటే కండరం సరిగా కలవలేదేమో, అది మీ సర్జన్‌కి చూపించాలి. అదీ పరుగులు పెట్టాల్సిన విషయం కాదు, కానీ ఆయన కేసు షీటులో ఉండాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది మర్దన. మీ సర్జన్ చెప్పే ఉంటారు, చాలా ఇళ్లలో పాప ఏడుస్తుందని రెండో రోజే మానేస్తారు. గాయం పూర్తిగా మూసుకుపోయాక, మామూలుగా మూడు నాలుగు వారాలు దాటాక, డాక్టరు సరేనంటే మొదలుపెట్టాలి. మీకు తొమ్మిది వారాలైంది కాబట్టి రేపే ఫోన్ చేసి అడగండి. చేతులు కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, వేలికి కొంచెం వాజ్‌లైన్ గానీ కొబ్బరి నూనె గానీ రాసుకుని మచ్చ మీద పెట్టి నొక్కాలి. ఎంత గట్టిగా అంటే వేలి కింద మచ్చ ఎరుపు తగ్గి తెల్లబడేంత. పైపైన రాస్తే నూనె పూసినట్టే అవుతుంది, మర్దన కాదు. అలా నొక్కి పట్టి ముక్కు వైపు నుంచి పెదవి అంచు వైపు కిందికి లాగండి, తర్వాత చిన్న సున్నాలు చుట్టండి. పూటకు మూడు నాలుగు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు, కనీసం ఆర్నెల్ల పాటు. పాలు తాగుతూ నిద్రలోకి జారే సమయం మంచిది. సిలికాన్ జెల్ కూడా రాయవచ్చు, ఏది కొనాలో, ఎప్పుడు రాయాలో డాక్టరునే అడగండి, నోట్లోకి పోకుండా పలచగా రాయాలి. మొదటి ఏడాది మచ్చకు నేరుగా ఎండ తగలనివ్వకండి, నల్లబడిపోతుంది. టోపీ పెట్టండి.

మళ్లీ ఆపరేషన్ మాటకొస్తే, ఇప్పుడు వద్దు. గట్టిగా చెబుతున్నాను. ఎర్రగా బిగిసి ఉన్న మచ్చలోకి కత్తి పెడితే ఆ సర్జన్‌కి కూడా కణజాలం ఎక్కడికి కదులుతుందో అంచనా దొరకదు. కొత్త గాయం మళ్లీ అదే చక్రం తిరుగుతుంది, మళ్లీ ఆరో వారం, మళ్లీ ఎరుపు, మళ్లీ మీ అత్తగారి మాటలు. ఈ వయసులో పై పెదవి ఎత్తు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అందులో ప్రతిసారీ కొంత అంచు కోసి పారేయాలి, పోయింది తిరిగి రాదు. ఏడాది దాటాక కూడా పెదవి ఎర్రని భాగం అంచు గీతలో మెట్టు మిగిలినా, పెదవి పొట్టిగానే ఉండిపోయినా, మధ్యలో ఈల వేస్తున్నట్టు సందు ఉన్నా అప్పుడు సవరణ గురించి మాట్లాడాలి. చాలా బృందాలు దాన్ని బడికి వెళ్లే ముందు, నాలుగైదేళ్ల వయసులో చేస్తాయి. ఎర్ర గీతలో మెట్టు మర్దనతో పోదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఒక్క మిల్లీమీటరు తేడా కూడా ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల కంటికి ఆనుతుంది. కానీ అది చిన్న ఆపరేషన్‌తో సరిచేయగలిగేది, ఆగినంత మాత్రాన చెడిపోయేది కాదు.

మీ డాక్టరు బాగా చేశారో లేదో తొమ్మిదో వారంలో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటో ఒకటి మీ అత్తగారికి చూపించండి.

ప్రశ్న: బాబుకి ఏడు నెలలు, ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఫోన్‌లో ఒక యాప్‌తో రోజూ కొలుస్తున్నాను. పెదవి ఎత్తులో ఎడమకీ కుడికీ 1.8 మిల్లీమీటర్ల తేడా చూపిస్తోంది, ఒక్కో రోజు 2.4 వస్తోంది. మా సర్జన్ ‘లుక్స్ గ్రేట్’ అంటున్నారు. నాకు నమ్మకం కలగడం లేదు. (ఒక తండ్రి, డల్లాస్)

జవాబు: ముందు మీ ముఖాన్నే ఆ యాప్‌తో కొలిచి చూడండి. ఎదురుగా తీసిన మీ ఫొటోను మధ్యలో కోసి, ఎడమ సగాన్ని తిప్పి అతికిస్తే ఒక మనిషి, కుడి సగాన్ని తిప్పి అతికిస్తే ఇంకో మనిషి వస్తాడు. ఏ ఆపరేషనూ జరగని ముఖం కూడా అంతే. ఒక కన్ను కొంచెం కిందికి, ఒక ముక్కుపుట కొంచెం వెడల్పుగా ఉండటం మామూలు.

ఒక్క రోజులో 1.8 కాస్తా 2.4 అయిందంటే మారింది పెదవి కాదు, మీ కొలత. ఫోన్‌ని దగ్గరగా పెట్టి తీస్తే కెమెరాకు దగ్గరున్న ముక్కు ఉబ్బి కనిపిస్తుంది. బాబు తల ఒక్క పిసరు తిప్పినా ఒక పక్క పొట్టిదవుతుంది. బాబు నోరు బిగించాడా వదులుగా ఉంచాడా అన్నదాన్ని బట్టి పెదవి ఎత్తే మారుతుంది. మీకు కొలవాలనే ఉంటే ఇలా చేయండి. నెలకొకసారి, ఒకే కిటికీ వెలుతురులో, నాలుగైదు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి మూడు ఫొటోలు తీయండి. బాబు నిద్రపోయాక ఒకటి ఎదురుగా, ఒకటి గడ్డం కింద నుంచి ముక్కు రంధ్రాలు రెండూ కనిపించేలా, మూడోది బాబు మెలకువగా ఉన్నప్పుడు నవ్వుతూ. తేదీ వేసి దాచండి. ఆర్నెల్ల తర్వాత వాటిని వరసగా పెట్టి చూస్తే యాప్ అంకెల కంటే ఎక్కువ తెలుస్తుంది. రోజూ కొలవడం మానేయండి, అది మీ టెన్షన్ పెంచడం తప్ప దేనికీ పనికిరావడం లేదు.

మీ సర్జన్ ఒక్క మాటతో సరిపెడుతున్నారన్న బాధ మాత్రం నాకు అర్థమైంది. ‘బాగుంది’ అంటే ఏది బాగుందో చెప్పమని అడగండి. ఎర్ర గీత కలిసిందా, కండరం కదులుతోందా, పెదవి ఎత్తు ఎంత తేడా, ముక్కు మొదలు ఎక్కడుంది. ఇలా విడివిడిగా అడిగితే విడివిడిగా చెబుతారు. ఇంకో అభిప్రాయం కావాలంటే మీ దేశంలో అది సులువే. అమెరికన్ క్లెఫ్ట్ ప్యాలెట్-క్రేనియోఫేషియల్ అసోసియేషన్ గుర్తించిన బృందాలు ఉంటాయి. సర్జన్, పళ్ల డాక్టరు, మాట నేర్పే థెరపిస్టు, చెవి డాక్టరు కలిసి ఒకే చోట చూస్తారు.

ఇంకొకటి. ఏడు నెలల పిల్లవాడు మీ ముఖాన్ని చదువుతాడు. మీరు వాడి పెదవినే చూస్తూ భృకుటి ముడిస్తే వాడికి అందేది ఆ ముడే.

ప్రశ్న: పెదవి బాగానే వచ్చింది, ముక్కే కుదరలేదు. రంధ్రంలో పెట్టమని సిలికాన్ గొట్టం లాంటిది ఇచ్చారు, బాబు పీకి పారేస్తున్నాడు. పెట్టకపోతే ఏమవుతుంది? మొదటి ఆపరేషన్‌లోనే ముక్కు పూర్తిగా సరిచేసి ఉండాల్సింది కదా? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ముక్కు విషయంలో తల్లిదండ్రులకు ఎవరూ నిదానంగా కూర్చుని చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఒక పక్క చీలిక ఉన్న బిడ్డలో ముక్కు మూడు చోట్ల తప్పుతుంది. చీలిక పక్క ముక్కుపుటలోని మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక, కుంగి చదునుగా ఉంటుంది. ముక్కు మధ్య గోడ ముందు కొస చీలిక లేని పక్కకు ఒరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ముక్కుపుట కూర్చోవాల్సిన ఎముక ఆ పక్కన లోపలికి ఉంటుంది, చిగురు కూడా చీలి ఉంటే అక్కడ కొంత ఎముకే ఉండదు. పునాది ఒక మూల కుంగిన ఇంట్లో గోడకు ఎంత సున్నం వేసినా గోడ నిటారుగా నిలవదు కదా. పెదవి ఆపరేషన్‌తోపాటే సర్జన్ మృదులాస్థిని పైకెత్తి కుట్లు వేయవచ్చు, చాలామంది వేస్తారు, అది మంచిదే. కేరళలోని త్రిస్సూర్ జూబిలీ మిషన్ ఆసుపత్రిలో వేలాది పిల్లలకు ఆపరేషన్ చేసిన డాక్టర్ అడెన్‌వాలా కూడా ముక్కును మొదటిసారే సరిచేయాలనే పక్షాన నిలబడ్డారు. కానీ ఆ ఎత్తులో కొంత మొదటి ఏడాదిలోనే మళ్లీ దిగుతుంది. అది తెలిసే కొందరు సర్జన్లు కావాలనే ఆ పక్క రంధ్రాన్ని కొంచెం ఎత్తుగా, చిన్నదిగా పెడతారు, దిగాక సరిపోతుందని.

ఆ దిగడాన్ని ఆపడానికే మీకిచ్చిన గొట్టం. కొన్ని నెలల పాటు వాడమంటారు, ఎన్ని నెలలన్నది సర్జన్‌ని బట్టి ఉంటుంది. బుగ్గల మీద చర్మానికి పడే టేపుతో అంటించి, దాని మీద నుంచి గొట్టాన్ని కట్టే పద్ధతి ఉంది, ఆసుపత్రిలో నర్సును మీ ఎదుటే ఒకసారి కట్టి చూపించమనండి. రోజూ తీసి కడిగి మళ్లీ పెట్టాలి. రంధ్రం అంచు తెల్లబడుతున్నా, పుండు పడుతున్నా సైజు మార్పించాలి, అలాగే నొక్కి ఉంచకండి. రెండు రోజులు పీకేశాడని వదిలేయకండి, పగలు ఉంచుకోకపోతే నిద్రలో పెట్టండి. ఎంతసేపు ఉంటే అంత లాభం.

పూర్తిగా సరిచేయడం మొదటిసారే ఎందుకు కుదరదంటే, ముక్కు ఇంకా పెరగాలి. రంధ్రాన్ని మరీ బిగించి చిన్నది చేస్తే తర్వాత పెద్దది చేయడం చాలా కష్టం, వెడల్పుగా ఉన్నదాన్ని తగ్గించడం అంత కష్టం కాదు. చిగురులో లేని ఎముకను తుంటి ఎముక నుంచి తీసి నింపే ఆపరేషన్ ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోర పన్ను దిగే ముందు చేస్తారు. అప్పుడు ముక్కుపుట కింద పునాది లేస్తుంది. అసలైన ముక్కు ఆపరేషన్ ఎదుగుదల ఆగాక. ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద రాసి ఇస్తే ఎంతమంది తల్లులు ఏడుపు తప్పించుకునేవారో అనిపిస్తుంది నాకు.

తొందరపడి పదేపదే కోయకూడదని చెప్పడానికి ఇంకో ఆధారం ఉంది. శ్రీలంకలో 1980ల నుంచి మైకేల్ మార్స్ అనే బ్రిటిష్ ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస సరిచేసే డాక్టరు) బృందం, చిన్నప్పుడు ఏ ఆపరేషనూ జరగకుండానే పెద్దవాళ్లైన వారిని పరీక్షించింది. చీలిక అలాగే ఉన్నా వాళ్ల పై దవడ ముందుకు దాదాపు మామూలుగానే పెరిగింది. చిన్నప్పుడే ఆపరేషన్లు, ముఖ్యంగా అంగిలి ఆపరేషన్ జరిగిన చాలామందిలో మాత్రం పై దవడ వెనకబడుతుంది, మచ్చ ఎదుగుదలను పట్టి ఉంచుతుంది కాబట్టి. అంటే ఆపరేషన్ చేయించొద్దని కాదు. తినడానికి, మాటకు, నలుగురిలో బతకడానికి అది కావాలి. కావాల్సినవి కావాల్సిన వయసులో చేయించాలి, అద్దంలో తేడా కనిపించినప్పుడల్లా కాదు.

ప్రశ్న: ఉచిత క్యాంపులో చేయించాం. ఆ డాక్టర్లు వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరికి చూపించాలి? మాకు డబ్బు కట్టే స్తోమత లేదు. (వికారాబాద్ జిల్లా)

జవాబు: మీ పిల్లవాడి ఆపరేషన్ కాగితాలు, ఫొటోలు జాగ్రత్త చేయండి, ముందు అది. అంగన్‌వాడీకో బడికో వచ్చే ఆర్.బి.ఎస్.కె. (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాన్ని అడగండి. 2013లో మొదలైన ఈ కేంద్ర పథకంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తారు, పెదవి, అంగిలి చీలిక ఆ జాబితాలో ఉంది. వాళ్లు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ పేరు నమోదైతే తర్వాతి మెట్లు మరిచిపోకుండా ఉంటాయి. స్మైల్ ట్రైన్ అనే సేవా సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అక్కడ ఆపరేషన్‌కి డబ్బు తీసుకోరు, ముందు వేరే చోట చేయించుకున్నవాళ్లనూ చూస్తారు. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. క్యాంపులో చేసినందుకు మీరు తప్పు చేసినట్టు ఎవరైనా మాట్లాడితే పట్టించుకోకండి, కానీ ఇకపై మాత్రం ఒకే చోట, ఏళ్ల తరబడి చూసేవాళ్ల దగ్గరే ఉండండి.

ప్రశ్న: మనవరాలికి ఆపరేషన్ అయి పది రోజులు. మచ్చకు పసుపు, కాటుక పెట్టవచ్చా? కోడలు గ్రహణం రోజు బయటకు వెళ్లడం వల్లే ఇలా అయిందని ఇంట్లో గొడవ. రెండో కాన్పులో మళ్లీ వస్తుందా? (ఒక నాయనమ్మ, సూర్యాపేట)

జవాబు: పదో రోజు గాయం మీద పసుపు వద్దు, కాటుక అసలే వద్దు. పచ్చి గాయంలోకి ఆ నల్లరంగు దిగితే పచ్చబొట్టులా ఉండిపోతుంది, చీము కూడా పట్టవచ్చు. దిష్టి చుక్క పెట్టాలనుంటే అరికాలికి పెట్టండి, ఎవరూ కాదనరు. ఈ రోజుల్లో మీరు చూడాల్సింది గాయం అంచులు విడిపోతున్నాయా, చీము గానీ జ్వరం గానీ ఉందా, ముక్కు మూసుకుపోయి పాప ఎగపోస్తోందా అన్నవి. వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పాలు ఎలా పట్టాలో వాళ్లు చెప్పినట్టే చేయండి, ఉగ్గుగిన్నెతో పట్టమంటే గిన్నె కొస పెదవి కుట్లకు తగలకుండా కింది పెదవి మీద ఆనించి నిదానంగా పట్టండి.

గ్రహణం సంగతి. కడుపులో బిడ్డ పై పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు కలిసిపోతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదు. మన ఊళ్లలోనే కాదు, మెక్సికోలో కూడా గ్రహణం చంద్రుణ్ణి కొరికినట్టు బిడ్డ నోటిని కొరుకుతుందని నమ్మేవాళ్లున్నారు. గ్రహణాల మాటే ఎరగని ఇళ్లలోనూ ఈ పిల్లలు పుడుతూనే ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 700 కాన్పులకు ఒకరు. మీ కోడలు చేసిన తప్పేమీ లేదమ్మా. ఆ మాట మీ నోటి నుంచే వస్తే ఆ ఇంట్లో గొడవ ఆగుతుంది, పెద్దవారు మీరే కదా.

తల్లిదండ్రులిద్దరికీ లేకుండా ఒక బిడ్డకు వస్తే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు దాకా. ఒకసారి పాప కింది పెదవి చూడండి, తల్లిదండ్రులవి కూడా. చిన్న గుంటలు గానీ రంధ్రాలు గానీ ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, అది వంశంలో దిగే రకం కావచ్చు, అప్పుడు అవకాశం సగానికి సగం. రెండో కాన్పు అనుకునే ముందు నుంచే కోడలిని ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమనండి, మోతాదు డాక్టరు చెబుతారు. మూర్ఛ మందులు వాడుతుంటే గర్భానికి ముందే మాట్లాడుకోవాలి, సొంతంగా ఆపేయకూడదు.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. చిన్నప్పుడు పెదవి, అంగిలి ఆపరేషన్లు, పదేళ్లప్పుడు చిగురులో ఎముక పెట్టారు. ముక్కు ఒక పక్కకు వంగి ఉంది. కింది పళ్లు పై పళ్ల కంటే ముందుకు ఉన్నాయి. మీసం మచ్చ మీద రావడం లేదు. కాలేజీలో గ్రూప్ ఫొటోలో ఎప్పుడూ పక్కకు తిరుగుతాను. ఇప్పుడు ముక్కు చేయించుకోవచ్చా? (అనకాపల్లి)

జవాబు: బాబూ, చేయించుకోవచ్చు, కానీ వరస ముఖ్యం. కింది పళ్లు ముందుకు ఉన్నాయంటే పై దవడ వెనకబడి ఉండవచ్చు. ముందు ఆర్థోడాంటిస్టుకు చూపించు. దవడను ముందుకు జరిపే ఆపరేషన్ అవసరమని తేలితే ఎదుగుదల పూర్తయ్యాక, అబ్బాయిలకు మామూలుగా 18 ఏళ్లకు అటూ ఇటూ చేస్తారు. దానికి ముందు పళ్లకు క్లిప్పులు చాలా నెలలు ఉంటాయి. దవడ ముందుకు వస్తే ముక్కు కింద ఆధారం మారి ముక్కు ఆకారమే కొంత మారిపోతుంది. అందుకే దవడ ముందు, ముక్కు తర్వాత. ఇప్పుడు ముక్కు చేసి, రేపు దవడ జరిపితే ముక్కు పని మళ్లీ మొదటికి వస్తుంది.

ముక్కు ఆపరేషన్‌లో మధ్య గోడను నిలబెడతారు, కుంగిన పక్కకు ఆ గోడ నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో మృదులాస్థి తీసి ఆసరా ఇస్తారు. ఊపిరి కూడా సులువవుతుంది, ఆ పక్క ముక్కు మూసుకుపోయినట్టు ఉంటే డాక్టరుకు చెప్పు. రెండు రంధ్రాలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా రావు. ఎదురుగా మాట్లాడేవాళ్ల కన్ను అక్కడ ఆగకుండా ఉండేలా చేయవచ్చు, చాలామందికి అది సాధ్యమవుతుంది.

మచ్చ మీద వెంట్రుక కుదుళ్లు ఉండవు, అందుకే మీసం రాదు. మీసం పూర్తిగా వచ్చే వయసు ఇంకా ఉంది. అప్పటికి కూడా గీత బాగా కనిపిస్తే మచ్చను సన్నగా సవరించవచ్చు, లేదా అక్కడ వెంట్రుకలు నాటవచ్చు. పెదవి ఒక పక్క పలచగా ఉంటే పొట్టలోని కొవ్వు కొంచెం తీసి ఎక్కించే పద్ధతీ ఉంది. ఇవన్నీ ఆఖరి మెరుగులు, దవడ, ముక్కు అయ్యాక.

నీకు 17 అన్నావు, ఆర్.బి.ఎస్.కె. 18 దాకానే. ఈ వారంలోనే మీ జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లి పేరు రాయించు. పాత ఎక్స్‌రేలు, ఎముక పెట్టినప్పటి కాగితాలు తీసుకెళ్లు. డాక్టరు గదిలోకి మీ అమ్మానాన్నలతో పాటు నువ్వూ కూర్చుని, నిన్ను ఏది ఎక్కువ బాధ పెడుతోందో నువ్వే చెప్పు. చాలాసార్లు పెద్దవాళ్లు పెదవి గురించి చెబుతారు, పిల్లవాడి బాధ ముక్కు గురించి ఉంటుంది. ఏం చెప్పారో నాకు రాయి, ఆ కాగితాల ఫొటోలు కూడా పంపు.